ఇలకూర మొలిచిన పర్రను బీడు అనొచ్చా?

పర్ర అన్న మాటలోనే ఒక తీర్పు ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సముద్రానికి దగ్గరగా, వరి పండని ఉప్పు నేలను పర్ర అంటారు. పండదు కాబట్టి పనికిరాదు, పనికిరాదు కాబట్టి ఖాళీ అని లెక్క. అదే నేలలో మోకాలి ఎత్తున గుబురుగా పెరిగే పొదకు మాత్రం జనం ఇలకూర అని పేరు పెట్టుకున్నారు. తోటకూర, పాలకూర, గోంగూర అన్న వరుసలోదే ఈ కూర కూడా. అంటే ఖాళీ అనుకున్న నేల నుంచే ఎవరో ఆకు కోసుకెళ్ళి పొయ్యి మీద పెట్టారు. ఆ సంగతి పేరులో మిగిలింది గానీ, భూమి గురించి నిర్ణయాలు జరిగే చోట ఎక్కడా కనపడదు.

ఇలకూర సుయేడా ప్రజాతి మొక్క. ఆ ఒక్క పేరు కింద దగ్గరి దగ్గరి జాతులు కలిసిపోతుంటాయి. సుయేడా మారిటిమా అన్నింటికన్నా చిన్నది. ఏడాదిలో బతుకు ముగించుకునే మొక్కే అయినా దాని అడుగు కాండం కర్రబారుతుంది. సుయేడా న్యూడిఫ్లోరా ఏళ్ళ తరబడి ఉండే పొట్టి పొద, కొమ్మలు నేల మీదుగా పరుచుకుంటాయి. సుయేడా మోనోయికా మనిషి ఎత్తుకు కూడా పెరుగుతుంది. మూడూ ఈ తీరానికి సొంత మొక్కలే. ఎవరూ తెచ్చి నాటినవి కావు, ఏ నర్సరీలోనూ పెంచి పంచినవి కావు. కుటుంబం చూస్తే తోటకూర కుటుంబం. పాలకూర, బీట్‌రూట్ కూడా ఇప్పుడు ఆ కుటుంబంలోనే లెక్క.

సుయేడా అన్న పేరు అరబ్బీ నుంచి వచ్చింది. డెన్మార్క్ రాజు పంపిన బృందంతో ఈజిప్టు, యెమెన్ వెళ్ళిన పీటర్ ఫోర్స్‌కాల్ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడివాళ్ళు ఈ మొక్కను పిలిచే మాటనే తన రాతల్లోకి తీసుకున్నాడు. 1763లో ఆయన యెమెన్‌లోనే జబ్బుపడి చనిపోతే, తోటి యాత్రికుడు కార్‌స్టెన్ నీబూర్ ఆ రాతలను 1775లో అచ్చు వేయించాడు. ఉప్పు నేలల జనం నోటి మాట అలా శాస్త్రంలోకి ఎక్కింది.

దగ్గర కూర్చుని చూస్తే ఇలకూర ఆకు మామూలు ఆకులా ఉండదు. ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవు, పుల్లంత సన్నం. పైవైపు కాస్త చదునుగా, కిందివైపు గుండ్రంగా, లోపల నీరు నిండి బిర్రుగా ఉంటుంది. గిల్లితే చితికి, వేలికి నీరు అంటుతుంది. ఆ వేలు నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా తగులుతుంది. పూలు కనిపించాలంటే కొమ్మను కంటి దగ్గరికి తెచ్చుకోవాలి. ఆకు మొదట్లో ఆవగింజంత పచ్చటి ముద్దలు, రేకులంటూ ఏమీ ఉండవు. పుప్పొడిని చాలావరకు గాలే మోస్తుంది కాబట్టి రంగూ రూపూ చూపించి పురుగులను పిలవాల్సిన పని లేదు. ఎండిన కాయను నలిపితే మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల గింజ ఒకటి నల్లగా నిగనిగలాడుతూ బయటపడుతుంది. వానాకాలంలో పచ్చగా ఉన్న పొద ఎండలు ముదిరేకొద్దీ ఎర్రబారుతుంది, కొన్నిచోట్ల ఊదారంగుకు తిరుగుతుంది. బీట్‌రూట్‌ను ఎర్రగా చేసే బీటాలైన్ జాతి రంగులే ఇక్కడా పని చేస్తాయి. ఉప్పు, ఎండ కలిసి ఒత్తిడి పెంచినప్పుడు అవి ఎక్కువగా తయారవుతాయి. పర్ర మొత్తం ఎర్రటి దుప్పటి పరిచినట్టు ఉన్న రోజుల్లో ఆ నేలలో ఉప్పు ఎంత చిక్కబడిందో పరికరం లేకుండానే అంచనా వేయొచ్చు.

ఉప్పు నేలలో బతకడం ఎంత కష్టమో వరి లెక్క చూస్తే తెలుస్తుంది. నేలలోని ఉప్పదనాన్ని విద్యుత్ వాహకతతో కొలుస్తారు, కొలమానం డెసిసీమెన్లు. అది మీటరుకు 3 దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. సముద్రపు నీరు 50 దగ్గర ఉంటుంది. పర్రలో ఎండాకాలం మట్టిలోని నీరు సముద్రాన్ని కూడా మించిపోతుంది. పోటుకు వచ్చిన నీరు ఆవిరైపోయి, దానిలోని ఉప్పు మాత్రం అక్కడే ఉండిపోవడమే దీనికి కారణం. కింది మట్టిలోని తేమ కూడా ఉప్పును మోసుకుంటూ పైకి పాకి, గాలి తగలగానే ఆరిపోతుంది. నేల మీద తెల్లగా కట్టే పెచ్చు అదే.

ఇలాంటి చోట మొక్కలు ఒక్కోటి ఒక్కో దారి పట్టాయి. మడ అడవుల్లో పెరిగే ఉప్పు పొన్న చాలా ఉప్పును వేరు దగ్గరే ఆపేస్తుంది. తెల్ల మడ ఉప్పును లోపలికి రానిచ్చినా ఆకుల మీదున్న గ్రంథుల ద్వారా బయటికి తోసేస్తుంది. ఎండపూట మడ ఆకును వేలితో రాస్తే ఉప్పు రవ్వలు చేతికి తగులుతాయి. ఇలకూరకు ఆ గ్రంథులు లేవు. అది ఉప్పును లోపలే దాచుకుంటుంది. ప్రతి కణంలో ఉండే పెద్ద నీటి సంచిలోకి, అంటే రిక్తికలోకి, సోడియంనూ క్లోరైడునూ పంపు చేసి అక్కడే బంధిస్తుంది. జీవక్రియలు జరిగే మిగతా భాగంలో ఉప్పు పెరిగితే ఎంజైములు పాడవుతాయి. అలాగని అక్కడ ఏమీ లేకపోతే రిక్తికలోని ఉప్పు ఆ భాగంలోని నీటిని లాగేసుకుంటుంది. అందుకని మొక్క ఆ భాగాన్ని హాని చేయని వేరే పదార్థంతో నింపుకుంటుంది. దాని పేరు గ్లైసిన్ బీటైన్. బీట్ దుంప రసంలో మొదట దొరికింది కాబట్టి బీటైన్ అన్నారు. ఆకు లావుగా, నీటితో ఉండటం కూడా ఇందులో భాగమే, నీరు ఎక్కువైతే ఉప్పు పల్చబడుతుంది. నిండిపోయిన ముదురు ఆకులు రాలిపోతాయి.

ఇలకూర ఉప్పును ఓర్చుకోవడంతో ఆగదు, దానికి కొంత ఉప్పు కావాలి కూడా. ఉప్పు అసలే లేని మంచినీళ్ళు పోసి పెంచితే, ఓ మోస్తరు ఉప్పు ఉన్నప్పుడు పెరిగినంత బాగా పెరగదు. కణాన్ని బిగువుగా ఉంచే పనికి అది సోడియంనే వాడుకుంటుంది మరి. కాబట్టి పర్రలో ఇది గతిలేక బతుకుతోందని జాలి పడనక్కర్లేదు. పర్ర దాని ఇల్లు. ఇక సుయేడా మోనోయికా ఇంకో అడుగు ముందుకేసింది. చెరకు, మొక్కజొన్న లాగా సి4 పద్ధతిలో ఆహారం తయారు చేసుకుంటుంది. తక్కువ నీటి ఖర్చుతో ఎక్కువ పని జరిగే పద్ధతి అది. పక్కనే పెరిగే మారిటిమా మాత్రం వరి, గోధుమల్లాగే మామూలు సి3 మొక్క.

ఇంత గట్టి మొక్కకూ ఒక సున్నితమైన దశ ఉంది, అది మొలక. ఎదిగిన పొద తట్టుకునే ఉప్పును మొలక తట్టుకోలేదు. గింజ మట్టిలో ఓపిగ్గా పడి ఉండి, వానలు పడి పైమట్టిలోని ఉప్పు కడుక్కుపోయాకే లేస్తుంది. అందుకే ఆంధ్ర తీరంలో ఇలకూర కాలెండర్ వానతోనే నడుస్తుంది. నాలుగు రోజులు గట్టిగా కురిసి, నీరు తీశాక, పాత పొదల చుట్టూ సన్నటి పచ్చని నూగులా మొలకలు పైకొస్తాయి. పాత పొదల చుట్టూనే ఎక్కువగా రావడానికి కారణం ఉంది. పొద నీడ పడిన చోట నేల తొందరగా ఆరదు, ఆరకపోతే ఉప్పు పైకి అంతగా లాగబడదు. గాలి, నీరు మోసుకొచ్చిన ఒండ్రు కూడా పొద మొదట్లో ఆగి చిన్న దిబ్బ అవుతుంది. అరచేతి మందం దిబ్బే, కానీ ఆ నేలలో ఆ మాత్రం ఎత్తు చాలా పెద్ద తేడా.

ఈ ఎత్తు సంగతి కాస్త నిలిచి చెప్పుకోవాలి, పర్ర అర్థం కావాలంటే తాళంచెవి అక్కడే ఉంది. ఆంధ్ర తీరంలో పెద్ద పోటుకూ ఆటుకూ మధ్య తేడా సుమారు మీటరున్నర లోపే. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో లాగా పది మీటర్ల లెక్కలు ఇక్కడ లేవు. డెల్టా నేల దాదాపు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి ఓ బెత్తెడు ఎత్తు పెరిగితే చాలు, రోజూ రెండుసార్లు తడిసే చోటు కాస్తా పున్నమికీ అమావాస్యకీ మాత్రమే తడిసే చోటు అయిపోతుంది. ఇంకో బెత్తెడు పెరిగితే ఏడాదిలో కొద్ది రోజులే నీరు వస్తుంది. మొక్కలు ఈ తేడాను పట్టే వరుస తీరతాయి. కాలువ ఒడ్డు బురదలో, రోజూ తడిసే చోట మడ ఉంటుంది. కాస్త ఎగువన తిల్ల వంటివి కలుస్తాయి. ఆ పైన చెట్లు ఆగిపోయి ఇలకూర, వంగరెడ్డికూర లాంటి పొట్టి మొక్కలు మొదలవుతాయి. అదీ దాటితే ఏమీ మొలవని తెల్ల నేల. ఇంకా ఎగువకు, వాన నీరు ఉప్పును కడిగేసే గట్ల మీద సర్కారు తుమ్మ కాచుకుని ఉంటుంది. అమెరికా ఖండం నుంచి తెచ్చిన ఆ తుమ్మ ఉప్పును బాగానే తట్టుకుంటుంది, చోటు దొరికితే పర్ర అంచును కమ్మేస్తుంది.

పొదల మధ్య నేల కూడా ఖాళీగా ఉండదు. తేమ ఉన్నంత మేరా పీత బొరియలు కనిపిస్తాయి. ఒక డెక్క ఒంటికన్నా పెద్దదిగా ఉన్న ఫిడ్లర్ పీతలు బురదను చిన్న చిన్న ఉండలుగా చేసి బొరియ చుట్టూ పేరుస్తాయి. ఆ బొరియల గుండా గాలీ నీరూ కిందికి దిగుతాయి. పెద్ద పోటు రోజుల్లో చేపపిల్లలు, రొయ్యపిల్లలు నీటితో పాటు పైకొచ్చి మేసి, ఆటుకు వెనక్కి జారుకుంటాయి. నేల మీదే గుడ్లు పెట్టే చిన్న తీరపు పిట్టలకు ఇలాంటి తెరపి చోట్లే కావాలి, చెట్టు ఉంటే దాని మీద కాకీ గద్దా కూర్చుంటాయి. చెట్లు లేకపోవడం ఇక్కడ లోటు కాదన్నమాట.

తుఫాను విషయంలో మాత్రం ఇలకూరకు లేని గొప్ప అంటగట్టకూడదు. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెన లాంటిదాన్ని మోకాలి ఎత్తు పొద ఆపలేదు. ఆ పని కొంతైనా చేయగలిగేది దట్టమైన మడ అడవి. ఇలకూర చేసేది వేరే పని. రోజువారీ గాలికీ నీటికీ మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుంది, ఒండ్రు నిలిచేలా చేస్తుంది.

మడ అడవుల మీద పని చేసేవాళ్ళలో చాలామందికి ఇలకూర అంటే మంచి అభిప్రాయం లేదు. అందుకు కారణమూ ఉంది. తమిళనాడులోని పిచ్చావరంలో 1911 నుంచి 1975 దాకా మడను వంతులవారీగా పూర్తిగా నరికే పద్ధతి నడిచింది. నరికిన చోట ఎండ నేరుగా తగిలి మట్టి ఎండి కుంగింది. మధ్యలో పళ్ళెంలా గుంట పడింది. పోటుకు వచ్చిన నీరు వెనక్కి పోలేక అందులోనే నిలిచి ఆవిరై, ఉప్పు పెరిగిపోయింది. మడ మళ్ళీ రాలేదు, ఇలకూర వచ్చింది. గోదావరి, కృష్ణా ముఖద్వారాల దగ్గర కూడా దెబ్బతిన్న మడ తెరపుల్లో ఇదే తీరు కనిపించింది. ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ అటవీ శాఖలతో కలిసి ఈ చోట్లలో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి, పోటు నీరు వచ్చి పోయేలా చేసి, ఆ కాలువల పక్కన మడ మొక్కలు నాటించింది. నీటి రాకపోకలు కుదిరాక ఉప్పు తగ్గి మడ తిరిగి లేచింది. సమస్య మొక్కల్లో లేదు, నీటి దారిలో ఉందని తేల్చిన మంచి పని అది.

చిక్కల్లా ఆ తర్వాత వచ్చింది. ఇలకూర ఉంటే అక్కడ మడ చెడిపోయినట్టేనన్న అభిప్రాయం స్థిరపడింది. ఒకే మొక్కకు ఇక్కడ రెండు అర్థాలున్నాయి. నాలుగు వైపులా మడ ఉండి మధ్యలో గుంటలో ఇలకూర ఉంటే అది గాయం మీద కట్టిన పెచ్చు లాంటిది, అక్కడ కాలువ తవ్వడం న్యాయమే. మడ దాటి ఎగువన, పున్నమి పోటుకు మాత్రమే తడిసే మెరక మీద ఇలకూర ఉంటే అది దాని సహజమైన చోటు. అక్కడ కాలువ తవ్వి మడ నాటినా, ఇసుక మెరకని చెప్పి సరుగుడు నాటినా, ఉన్న ఒక ఆవాసాన్ని తీసేసి ఇంకోదాన్ని బలవంతంగా పెట్టడమే అవుతుంది. ఎన్ని మొక్కలు నాటామన్న లెక్క చూపించాల్సి వచ్చినప్పుడు ఖాళీగా కనిపించే నేల మీదికే చూపు పోతుంది. ఆ టెన్షన్‌లో ఈ తేడా గమనించే తీరిక ఎవరికీ ఉండదు.

లెక్కలు కూడా ఇలాగే వంకరగా ఉన్నాయి. మడ అడవుల విస్తీర్ణాన్ని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా రెండేళ్ళకోసారి వచ్చే నివేదికలో రాష్ట్రాలవారీగా ఇస్తుంది. 2021 నివేదికలో ఆంధ్రప్రదేశ్‌కు 405 చదరపు కిలోమీటర్లు చూపించారు. ఆ అంకె పెరిగితే వార్త, తగ్గితే వార్త. ఉప్పు పర్రకు ఆ నివేదికలో అలాంటి విడి లెక్క లేదు. మరోవైపు దేశంలోని బంజరు భూముల అట్లాసులో ఉప్పు, క్షారం బారిన పడిన భూమి అన్న విభాగం ఉంది, నీరు నిలిచే చిత్తడి భూమి అన్న విభాగమూ ఉంది. పొలం ఉప్పెక్కి పాడైతే బంజరు అనడంలో అర్థం ఉంది. పుట్టుకతోనే ఉప్పు నేల అయినదాన్ని కూడా అదే గాటన కట్టే ప్రమాదం మాత్రం ఇందులో ఎప్పుడూ ఉంటుంది.

చట్టం ఈ విషయంలో కాస్త ముందుంది. 2011 జనవరిలో వచ్చిన కోస్టల్ రెగ్యులేషన్ జోన్ నోటిఫికేషన్, పర్యావరణపరంగా అతి సున్నితమైన చోట్ల జాబితాలో మడ అడవులు, పగడపు దిబ్బలు, ఇసుక తిన్నెలతో పాటు ఉప్పు చిత్తడి నేలలనూ పేరుపెట్టి చేర్చింది. 2019 నోటిఫికేషన్‌లోనూ అది ఉంది. కాగితం మీద మడకూ పర్రకూ రెండింటికీ రక్షణ ఉంది. నేల మీద మాత్రం మడ కొడితే కనిపిస్తుంది, పర్ర మీద గట్టు వేస్తే కనిపించదు. పైగా అభివృద్ధి జరిగినట్టు కూడా అనిపిస్తుంది.

గట్టు వేశాక జరిగేది చాలా సింపుల్. 1990ల మొదట్లో రొయ్యల సాగు ఊపందుకున్నప్పుడు తీరం పొడవునా చెరువులు తవ్వారు. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ పరిధిలో సంప్రదాయేతర రొయ్యల చెరువులను నిషేధిస్తూ తీర్పు ఇచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి, రిజిస్ట్రేషన్‌తో సాగుకు దారి ఏర్పడింది. ఈ వాదోపవాదాల్లో ఎక్కువగా వినిపించినవి మడ అడవులు, తాగునీరు, వరి పొలాలు. పర్ర తరఫున మాట్లాడినవాళ్ళు తక్కువే. చెరువు గట్టు పోటు నీటిని ఆపేస్తుంది. గట్టుకు అవతల మిగిలిన ముక్కకు వాన నీరు తప్ప ఏమీ అందదు. కొన్నాళ్ళకు అక్కడ ఇలకూర పోయి సర్కారు తుమ్మ లేస్తుంది. చెరువు వదిలేసినా గట్టు మిగిలే ఉంటుంది కాబట్టి పర్ర తనంతట తాను తిరిగి రాదు. చాలా చోట్ల కావాల్సింది మొక్కల పెంపకం కాదు, గట్టుకు సరైన చోట గండి కొట్టడం.

ఇంకో లెక్క కూడా ఉంది. ఉపగ్రహాలు కొలవడం మొదలైన 1993 నుంచి ప్రపంచ సగటు సముద్ర మట్టం ఏటా 3 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతోంది. నదుల మీద ఆనకట్టలు ఒండ్రును ఆపేయడంతో డెల్టాలకు కొత్త మట్టి తగ్గింది, ఉన్న మట్టి కుంగుతోంది. రోజువారీ పోటు గీత లోపలికి జరిగితే మడ వెనక్కి జరగాలి. అది జరగాల్సిన చోటు పర్రే. పర్ర ఇంకా వెనక్కి జరగాలి. వెనక రోడ్డో, చెరువు గట్టో, కాంక్రీటు గోడో ఉంటే ముందు పర్ర నలిగిపోతుంది, తర్వాత మడ వంతు వస్తుంది. ఈ రోజు మడను కాపాడుతున్నామని చెప్పుకుంటూ దాని వెనకున్న పర్రను పంచిపెడితే, రేపటి మడకు నిలవడానికి చోటు ఉండదు. బెత్తెడు ఎత్తుకే బతుకులు మారిపోయే నేల మీద మిల్లీమీటర్ల లెక్క చిన్నది కాదు.

ఇలకూర ఉపయోగాల చిట్టా చెప్పి దాన్ని కాపాడమని అడగడం అంత మంచి వాదన కాదు. అయినా మనిషికీ దీనికీ ఉన్న పాత సంబంధం తెలుసుకోదగ్గది. లేత కొసలు కోసి, ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి కూర వండుకోవడం తీరప్రాంత పేద ఇళ్ళలో ఉన్న పద్ధతే. నీళ్ళు పారబోస్తే ఉప్పుతో పాటు పాలకూరలో ఉండే లాంటి ఆక్సలేట్లు కూడా కొంత పోతాయి. ఒడిశా తీరంలోనూ దీన్ని శాకంగా తింటారు. మధ్యధరా ప్రాంతంలో ఇలాంటి ఉప్పు మొక్కలను ఎండబెట్టి కాల్చి, ఆ బూడిద నుంచి సోడా తీసి గాజుకూ సబ్బుకూ వాడేవారు. 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో లెబ్లాంక్ ఉప్పు నుంచి నేరుగా సోడా తయారు చేసే పద్ధతి కనిపెట్టాక ఆ వ్యాపారం మెల్లగా పడిపోయింది. తెలుగు నేల మీద చాకలివాళ్ళు బట్టలు ఉతకడానికి వాడిన చౌడులోని సరుకు కూడా సోడానే. పంటకు శత్రువైన చౌడు రేవు దగ్గర పనిముట్టు అయింది.

ఒక పర్ర ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఏడాదిలో రెండు రోజులు నడిస్తే చాలావరకు తెలుస్తుంది. ఒకటి పున్నమి పోటు తీసిన మర్నాడు. నీరు పొదల దాకా వచ్చిందా, వస్తే ఎటు పోయింది, గుంటల్లో నిలిచిపోయిందా, వాలుగా కాలువలోకి దిగిందా అన్నది బురద మీది గీతలే చెబుతాయి. నీరు నిలిచి, చుట్టూ మడ మోళ్ళు కనిపిస్తే అది బాగు చేయాల్సిన చోటు. నీరు శుభ్రంగా వచ్చి శుభ్రంగా తీసి, మోళ్ళ ఆనవాలే లేకపోతే ముట్టుకోకుండా వదిలేయాల్సిన చోటు. రెండో నడక వానలు వెలిశాక. పాత పొద మొదట్లో కొమ్మలు పక్కకు తీసి చూడాలి. పోటు అందే పర్రలో ఆ అరచేతి మందం దిబ్బ మీద, చెమ్మ ఆరని నీడలో, రెండేసి సన్నటి ఆకులతో మొలకలు గుంపుగా నిలబడి ఉంటాయి. గట్టు అవతలి పర్రలో పొద ఉంటుంది, దిబ్బ ఉంటుంది, వాటి పక్కన సర్కారు తుమ్మ మొలక ఉంటుంది.